మేనమామ ఇంటిపేరు

ఒక పేరు చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. తొమ్మిదేళ్లుగా ఆ పేరు నా గొంతులోనే ఉంది. నలుగురిలో కూర్చున్నప్పుడు ఎవరైనా, ఆ సినిమా మీ గురించేనట కదా అని అడిగితే, జవాబు కంటే ముందు ఆ పేరే పైకి వచ్చేది. మింగేసేవాణ్ణి. ఆ పేరు సక్రి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర ఒక ఊరు. కొంత తరి పొలం, ఊళ్లో మా మాటకు కొంత విలువ. చదువయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. డోర్నకల్ జంక్షన్ ప్లాట్‌ఫాం మీద ఒక టేబులు, రెండు కుర్చీలు, వెనక ఒక బ్యానరు. అదే మా పిల్లల సహాయ కేంద్రం. ఇల్లు విడిచి వచ్చిన పిల్లల్ని, ఎవరో పనికి తోలుకుపోతున్న పిల్లల్ని గుర్తించి పోలీసులకు చెప్పడం మా పని. పదకొండేళ్లు అక్కడ నేనొక్కణ్ణే కూర్చున్నాను. తర్వాత రెండో కుర్చీలోకి సక్రి వచ్చింది. తండా మనిషి. పదో తరగతి చదివింది. భర్త లేడు, ఐదేళ్ల కూతురుంది.

నన్ను అన్నా అని పిలిచేది. పని నేర్పింది నేనే. కానీ నేను పది ప్రశ్నలు వేసినా నోరు విప్పని పిల్ల, సక్రి పక్కన కూర్చుని జడ సరిచేయగానే ఊరి పేరు చెప్పేసేది. నెల తిరక్కముందే చాయ్ అమ్మే యాకయ్య నాకు గ్లాసు అందిస్తూ, సక్రక్క రాలేదా అని అడగడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లలో నేను రాని రోజున నా గురించి ఎవరైనా అడిగారా? ఎంత చిన్న విషయం! చిన్నది కాబట్టే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఆమె సెలవు పెట్టిన రోజున నాకు హాయిగా ఉండేది. జ్వరంతో పడుకుందని తెలిసి కూడా.

ఒక మధ్యాహ్నం ఐదుగురు పిల్లలతో ఒకతను బెంచీ మీద కూర్చుని కనిపించాడు. తాను వాళ్ల మేనమామనన్నాడు. తన అక్కచెల్లెళ్లు గుంటూరు వైపు మిర్చి ఏరడానికి పోయారని, పిల్లల్ని వాళ్ల దగ్గర దింపి వస్తానని చెప్పాడు. ఆధార్ జిరాక్సులు తీసి చూపించాడు. అతనిదీ పిల్లలదీ ఒకటే ఇంటిపేరు. బంధువులే, సరిపోయింది అనుకుని కాగితాలు తిరిగి ఇచ్చేశాను. బండి వచ్చే వేళయింది.

సక్రి పిల్లలకు నీళ్లు తీసుకుపోయింది. ఆ జిరాక్సులు తానూ ఒకసారి చూసింది. పిల్లలూ తండావాళ్లే, పెద్దపిల్లను తమ లంబాడీ భాషలో ఏదో అడిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“అన్నా, మేనమామది, పిల్లలది ఒక్కటే ఇంటిపేరు ఎట్లుంటది?”

“మీ తండాలల్ల అందరియి గవే నాలుగు పేర్లు గద సక్రీ.”

“పేర్లు గవే. పెండ్లిళ్లు గట్ల గావు. ఒక్క ఇంటిపేరోల్లు అన్నాచెల్లెండ్లు అయితరు. నీ మేనమామది, నీది ఒక్కటేనా?”

పక్కనే ఉన్న యాకయ్య నవ్వాడు.

మా మేనమామది మా అమ్మ పుట్టింటి పేరు. నాది మా నాన్న పేరు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మావాళ్లెవరైనా అలాంటి కాగితాలు చూపిస్తే అక్కడే పట్టుకునేవాణ్ణి. తండా వాళ్లు కాబట్టి అన్నీ ఒకటే అనుకున్నాను. బంధువుల్లా కనపడాలని అతను పిల్లలందరికీ తన ఇంటిపేరే పెట్టించాడు. నాలాంటి వాడు చూస్తాడనే ఆ జిరాక్సులు తయారయ్యాయి.

బండి ఆగింది. సక్రి పోయి పెట్టె తలుపుకు అడ్డంగా నిలబడింది. అతను తోసినా కదల్లేదు. రైల్వే పోలీసులు వచ్చారు. పిల్లల్ని ఏదో కార్ఖానాకు అమ్మడానికి తీసుకుపోతున్నాడని తర్వాత తేలింది. అందరిలో చిన్నపిల్ల సక్రి కొంగు వదల్లేదు. నేనిచ్చిన బిస్కెట్టు తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టి, ఆమె తినిపిస్తేనే తిన్నది. ఐదుగురు పిల్లలు బతికి బయటపడ్డ రోజు అది. ఆ రోజు నేను చూసింది ఆ బిస్కెట్టును.

రిపోర్టు రాయాల్సింది నేను. ‘సహాయ కేంద్రం సిబ్బంది గుర్తించారు’ అని రాశాను. అబద్ధం కాదు కదా? ఆ ప్రశ్న వేసుకున్నప్పుడే తెలుసు, అబద్ధమేనని. ఆరు నెలల తర్వాత సంస్థ ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకోగలనంది. ఆ పిల్లల్ని గుర్తించిందెవరని ఆఫీసు నుంచి ఫోను చేసి అడిగారు. నేనే అన్నాను. రెండో కుర్చీ లోపల పెట్టేశారు. సక్రి బిడ్డను తీసుకుని భూపాలపల్లి వైపు వెళ్లిపోయింది. పోయే ముందు నా టేబులు తుడిచి, పోయొస్త అన్నా అని చెప్పింది.

మూడేళ్ల కింద, నేను జనగామకు మారిన తర్వాత, హైదరాబాదు నుంచి ఒక సినిమా రచయిత మా ఇంటికి వచ్చాడు. నిజంగా జరిగిన కథలే తీస్తామన్నాడు. అక్కడ మీతో ఒక ఆవిడ కూడా ఉండేవారట కదండీ అని అడిగాడు. ఉండేది, పిల్లలకు నీళ్లిచ్చేది అన్నాను. ఆమె నంబరు అడిగితే లేదన్నాను. ఫోను నా జేబులోనే ఉంది. నంబరు ఫోనులోనే ఉంది.

జనగామలోనే సినిమా చూశాను. తెర మీద ఇస్త్రీ బట్టల్లో హీరో, మేనమామది, పిల్లలది ఒక్కటే ఇంటిపేరు ఎట్లుంటది అనగానే హాలంతా చప్పట్లు. నా భార్య నా చెయ్యి పట్టుకుంది. ఆ చప్పట్లు ఎవరివో నాకొక్కడికే తెలుసు. అంతకు ముందు ఒక ఆడమనిషి నీళ్ల సీసాతో అర నిమిషం కనిపిస్తుంది. ఆమెకు పేరు లేదు. ఆమెను చూసి చిన్నపిల్ల నవ్వుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నవ్వు కూడా ఓర్చుకోలేకపోయాను. కథంతా నాకిచ్చేశాక ఆ అర నిమిషం ఆమెకెందుకు అనిపించింది. ఎలాంటి మనిషిని నేను?

తర్వాత శాలువాలు కప్పారు. మొన్న ఎండాకాలం ముందు ఒక బడికి పిలిచారు. మీకెట్ల అనుమానమొచ్చింది సార్ అని ఒక అమ్మాయి అడిగింది. సక్రి మాటలు, సక్రి ఆగిన చోట ఆగి, సక్రి గొంతుతోనే చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అది వినబడింది.

వారం తర్వాత భూపాలపల్లి బస్సెక్కాను. రేగొండ దాటేదాకా దిగి వెనక్కి పోదామనే ఆలోచనే. సక్రి ఒక హాస్టల్లో వంట చేస్తోంది. నేను వెళ్లేసరికి పప్పు గిన్నె ముందుంది. చుట్టూ పిల్లలు, అక్కా అక్కా అంటూ. క్షమాపణ అడగడానికి పోయిన వాణ్ణి, గడప దగ్గర నిలబడి మళ్లీ అదే మంట. ఇక్కడ కూడానా?

అంతా చెప్పాను. రిపోర్టు, ఫోను, నంబరు. ఆమె గరిటె పక్కన పెట్టి విన్నది.

“నాకెందుకు చెప్తున్నవన్నా, నాకు తెల్వదా?” అన్నది. “సినిమ మేం గూడ చూసినం. గా పిల్లల్ని కాపాడింది మా అమ్మనే అని నా బిడ్డ బడిల చెప్పుకున్నది. అందరు నవ్విన్రు. ఇంటికొచ్చి, ఎందుకే నాకు అబద్ధం చెప్పినవ్ అన్నది. అప్పటిసంది నేనేం చెప్పినా నమ్మది. చెప్పేదుంటే దానికి చెప్పు.”

కూతురిని పిలిచింది. తొమ్మిదో తరగతి. తల్లి లాగే కళ్లలోకి సూటిగా చూస్తుంది. పధ్నాలుగేళ్ల పిల్ల ముందు నిలబడి ఆ మాటలు చెప్పడం ఎంత కష్టమో నాకు ముందు తెలియదు. అంతా విని లోపలికి వెళ్లి నోటుబుక్కు, పెన్ను తెచ్చింది.

“రాసియ్యండి. ఇంటిపేరుతోని రాయండి. తారీకు గూడ ఎయ్యండి.”

రాశాను. చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. క్షమించానని ఆమె అనలేదు, వాళ్లమ్మా అనలేదు. సక్రి పిల్లలను అన్నానికి పిలిచింది. నేను బస్టాండుకు నడిచాను. గొంతులో ఏమీ అడ్డం లేదు. అంతకు మించి నాకు దొరికిందేమీ లేదు.

ఇక్కడ నా పేరు లేదు. ఉండాల్సిన చోట, ఆ కాగితం కింద, ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పేరుకు పైన నేను రాసింది ఇది:

‘అమ్మా, ఆ ఐదుగురు పిల్లల్ని కాపాడింది మీ అమ్మ సక్రి. సినిమాలో చప్పట్లు పడ్డ ఆ మాట అన్నది ఆమె. నేను పక్కనే ఉండి విన్నాను. ఆమెను చూసి ఓర్వలేక ఆమె పేరు దాచాను, నాది చెప్పుకున్నాను. మీ అమ్మ నీకు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. నన్ను క్షమించమని మీ ఇద్దరినీ అడుగుతున్నాను.’