ఉపవాసం ఉన్నప్పుడే ఊపిరి ఆడేది

సహోదరులారా, సహోదరీలారా, ఇలా మీ ముందు నిలబడి మాట్లాడే ఊపిరి నాకు మూడేళ్లపాటు లేదు. కలిదిండిలో చేపల చెరువులకు మేత వేయించే పని నాది, తీరిక దొరికితే ఊరి లైబ్రరీలో పుస్తకాలు చదువుకునేవాణ్ణి. అంతకు చాలా ఏళ్ల ముందు ఎడమ డొక్కలో ఉండే ప్లీహంలో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు, ప్రాణం నిలిచింది, అంతా అయిపోయిందనుకున్నాను. అయితే కొన్నేళ్లకు, అన్నం తినగానే ఎడమ భుజం లాగడం, ఆయాసం, ఛాతీలో గుడగుడమని చప్పుడు మొదలయ్యాయి.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మాత్రం ఏ బాధా ఉండేది కాదు. సంఘమంతా దాన్ని స్వస్థత అనుకున్నాం. వారానికి ఒక ఉపవాసం మూడయింది, తరువాత నలభై రోజులు ఒంటిపూట గంజితో గడిపాను, తిన్న రోజున ఆయాసం వస్తే నాలో ఒప్పుకోని పాపమేదో ఉందని ఏడ్చేవాణ్ణి, చివరికి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

నా భార్య మరియమ్మ ఒకరోజు గంజి గిన్నె పక్కకు జరిపి, "ఏవండీ, లైబ్రరీలో అన్ని పుస్తకాలు చదివారు కదా, అన్నం తినమని ఒక్కదాంట్లోనూ లేదా?" అంది.

ఆమె పోరు పడలేక ఏలూరులో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. "మీకు ఎప్పుడు బావుంటుందండీ?" అని అడిగారు.

"ఉపవాసం ఉన్నప్పుడండీ."

ఆయన రాయడం ఆపి నన్నే చూశారు. వెంటనే స్కానింగ్ తీయించారు.

శరీరశాస్త్రం పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి గనుక ఉదరవితానం నాకు తెలుసు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు తెర. పాత ఆపరేషన్ జరిగిన చోట ఆ తెరకు చిల్లు పడి, జీర్ణాశయం, పేగు ఛాతీలోకి ఎక్కాయట. కడుపు నిండితే ఊపిరితిత్తిని నొక్కేవి, ఖాళీగా ఉంటే వదిలేవి. నా స్వస్థత అంతా అదే.

విజయవాడలో రోబోతో కుడతామన్నారు. యంత్రమంటే భయపడ్డాను. "దానికి చేతులే ఉన్నాయండీ, ఆడించేది నేనే" అన్నారు సర్జను గారు. బల్ల మీద పడుకుని, "తండ్రీ, నేను అలసిపోయాను, ఆ చేతులను నడిపించే చేతిని నీవే పట్టుకో" అని మాత్రం ప్రార్థించగలిగాను. చిన్న చిన్న రంధ్రాల్లోంచి పేగును కిందికి దించి, చిల్లు కుట్టి, పైన వల లాంటిది అమర్చారు.

నీరసం ఇంకా పూర్తిగా పోలేదు. ఉపవాసం మానమని నేను చెప్పడం లేదు. అలసినవారలారా, మీ బాధ దేవునికి చెప్పుకోండి, డాక్టరుకూ దాచకండి, రెండు చోట్లా వినేవాడు ఆయనే. ఈరోజు మరియమ్మ పెట్టిన అన్నం కడుపునిండా తిని వచ్చి, మీ ముందు ఇంతసేపు మాట్లాడాను. దేవునికే మహిమ.