సోమవారం బస్సు నింపిన కథ

అప్పట్లో నాకు ఉద్యోగమూ కొత్తే, కోపమూ కొత్తే. నెల్లూరులో రక్తపరీక్షల ల్యాబులో చేరిన రోజులు. లోకంలోని అన్యాయాలన్నీ నేను వెళ్ళి గట్టిగా మాట్లాడితే సర్దుకుంటాయని గాఢంగా నమ్మేదాన్ని. విడవలూరు దాటాక సముద్రం వైపున్న మా ఊరికి పొద్దున ఒకటే బస్సు. దానికి డీజిల్ ఖర్చు కూడా రావడం లేదట, ఛార్జీ పెంచడమో ట్రిప్పు ఎత్తేయడమో తప్పదట. నేనూ మా పిన్నీ డిపోకు వెళ్ళాం. వీధి దీపం ఏం సంపాదిస్తోందని వెలిగిస్తున్నారు, బస్సుకూ అలాగే ప్రభుత్వం డబ్బివ్వాలి కదా అని మేనేజరు గారిని నిలదీశాను. వీధి దీపాలు తమ శాఖ కిందికి రావని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. సోమవారం ఒక అధికారి వచ్చి జనాన్ని చూసి వెళ్తాడని మాత్రం సెలవిచ్చాడు.

ఆదివారం ఆరాధన కాగానే మా పాస్టరమ్మ గారి చేత ప్రకటన చేయించాను: పనున్నా లేకపోయినా రేపు అందరూ బస్సెక్కాలి. ఊరు ఇంతగా మాట వింటుందని నేననుకోలేదు. పెళ్ళికి బయల్దేరినట్టు ముస్తాబై వచ్చారు. చేపల గంపలతో అక్కలు, చంటిపిల్లల తల్లులు, ఎందుకొచ్చారో అప్పటికే మరిచిపోయిన తాతలు. నేను కింద నిలబడి, జరగండి జరగండి అంటూ ఊరంతటినీ ఎక్కించి, చివరికి నేనెక్కబోతే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు రైట్ అన్నాడు. కిటికీలోంచి పిన్ని, "నువ్వు ఆటోలో రా పాపా" అని చెయ్యూపింది.

నాతోపాటు రోడ్డు మీద మిగిలింది చంకలో ఫైలున్న ఒక పెద్దమనిషి. అధికారి ఆయనే. (చూడవచ్చిన మనిషికే చోటు లేకుండా చేశాం.) ఇద్దరం షేర్ ఆటోలో ఇరుక్కున్నాం. ఆయన ఒళ్ళో ఎవరిదో రొయ్యల బుట్ట, నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇంత గిరాకీ ఉంటే ఛార్జీ పెంచినా ఇబ్బంది లేదన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. నిజం చెబితే బస్సు పోతుంది, చెప్పకపోతే ఛార్జీ పెరుగుతుంది. ల్యాబుకు ఆలస్యమైన చిరాకంతా ఆయన మీదికి మళ్ళింది.

"రోజూ ఇంతమంది ఎక్కరు సార్. ఈరోజు నేనే బతిమాలి ఎక్కించినా. ఛార్జీ పెంచితే రోజూ ఎక్కేవాళ్ళు కూడా ఎక్కరు. బస్సు తీసేస్తే మాకు దినామూ ఇదే గతి. మీరు ఒక్క పూటే తడిసినారు."

ఆయన ప్యాంటు వంక చాలాసేపు చూసుకున్నాడు. "నష్టం ఎవరో ఒకరు భరించాలమ్మా. అది మీరు కాకూడదని రాస్తాను" అన్నాడు. ఆయన రాతే పనిచేసిందో, రొయ్యల నీళ్ళే ఒప్పించాయో కానీ, ఛార్జీ పెరగలేదు, బస్సు ఆగలేదు. ఆ రోజు ల్యాబులో పడ్డ చీవాట్లు మాత్రం నేనొక్కదాన్నే భరించాను.

ఇప్పుడు మా ఆడవాళ్ళ టికెట్టు ప్రభుత్వమే భరిస్తోంది. ఎవరూ బతిమాలకుండానే బస్సు కిటకిటలాడుతోంది. మొన్న కమ్మీ పట్టుకుని వేలాడుతూ, ఇంకో బస్సు వెయ్యడానికి వీళ్ళకేం రోగమని నేను సణుగుతుంటే, సీటు సంపాదించుకున్న పిన్ని తాపీగా అంది: "బస్సును నిలబెట్టినదానివి, విడవలూరు దాకా నువ్వు నిలబడలేవా?"

ఆ వయసులో అయితే ఆ పూటే డిపోకు వెళ్ళి నిలదీసేదాన్ని. ఇప్పుడు నవ్వేసి, రెండో చేత్తో కూడా కమ్మీ పట్టుకున్నాను.