కళ్లు మూసుకున్న సాక్షి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినబడిన మాట ‘సాక్షి’. అరవై దాటిన ఈ వయసులో కూడా ఆ మాటను ఎవరైనా తీయగా పలికితే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను.

మాది వరంగల్‌లో కొత్తవాడ. మా తాతయ్య బడిపంతులు పని మానుకున్నాక రోజూ సాయంత్రం మా ఇంటి ముందు వేదాంతం చెప్పేవాడు. మంచి గొంతు. ఎంత చిక్కు విషయాన్నైనా మామూలు మనిషికి ఎక్కేలా చెప్పేవాడు. ఒకే కొమ్మ మీద రెండు పిట్టలు ఉంటాయి, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది, తినేది జీవుడు, చూసేది సాక్షి, మీరు నిజానికి ఆ చూసే పిట్టలు అనేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆయన పక్కనే కూర్చుని, నేను చూసే పిట్టను అనుకుని మురిసిపోయేదాన్ని. ముందు వరుసలో ఒక ధాన్యం వ్యాపారి కూర్చునేవాడు. మైకు, లైట్లు, చివర్లో పంచే అరటిపండ్లు, అన్నీ ఆయనవే.

మా పక్కింటి అక్క జంపఖానాలు నేసేది. ప్రవచనానికి వచ్చినవాళ్లు పరుచుకుని కూర్చునేవి ఆమె నేసినవే. తల్లి లేదు. తండ్రి రిక్షా తొక్కేవాడు. బడికి పోయే ముందు నాకు జడలు వేసేది కూడా ఆ అక్కే.

ఒకనాటి మధ్యాహ్నం తాతయ్య అరుగు మీద కూర్చుని నాచేత పదమూడో ఎక్కం చెప్పిస్తున్నాడు. వ్యాపారి కొడుకు అప్పుడే జీపు నేర్చుకుంటున్నాడు. మా గల్లీలోకి వచ్చి, బండిని వెనక్కి పోనిచ్చి, రిక్షా చైను సరిచేసుకుంటున్న అక్క నాయినను గోడకేసి నొక్కేశాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాతయ్య లేచి నిలబడ్డాడు. జీపులో ఉన్నది ఎవరో చూశాడు. నేనూ చూశాను. వారం తిరక్కముందే దవాఖానలో ఆ మనిషి కాలు మోకాలి కింద తీసేశారు.

తాగొచ్చి చక్రాల కింద పడ్డాడని వ్యాపారి చెప్పుకున్నాడు. ఆయన తాగే మనిషి కాదని వాడలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పలేదు. పోలీసు జమేదారు మా ఇంటికి వచ్చి, “పంతులుగారూ, మీ అరుగు ముందటనే అయింది గదా. ఏమన్న చూసిండ్రా?” అని అడిగాడు.

“నేను ధ్యానంల ఉన్న. కండ్లు మూసుకున్న” అన్నాడు తాతయ్య.

పదమూడో ఎక్కం ధ్యానం ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు. జమేదారు పోయాక అదే అడిగాను. తాతయ్య నా తల నిమిరి, మనం సాక్షులమనీ, సాక్షికి మంచీ చెడూ అంటవనీ, ఎవరి కర్మ వారిదనీ చెప్పాడు. చెప్తున్నంత సేపూ నా ముఖం చూడలేదు.

మర్నాడు సాయంత్రం అక్క వచ్చింది. ఎప్పుడూ వెనక కూర్చునేది, ఆ రోజు నడుచుకుంటూ ముందుకు వచ్చి నిలబడింది. సాక్షికి నిద్ర లేదు, మరుపు లేదు అని తాతయ్య చెప్తున్నాడు.

“తాతా, ఒక్క మాట. ఆ చూసే పిట్ట ఎప్పుడన్న కండ్లు మూసుకుంటదా?”

తాతయ్య మైకు ముందు ఆగిపోయాడు. “మూసుకోదు బిడ్డా.”

“మరి చూసింది చూడలేదని చెప్తదా?”

వ్యాపారి కసిరాడు. “ఏయ్ పిల్లా, ప్రవచనంల అడ్డం మాట్లాడకు. ఇంటికి పో.”

“నేను నిన్ను అడుగుత లేను సేటూ. మా తాతను అడుగుతాన.”

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. లోకవ్యవహారం వేరు, పరమార్థం వేరు అన్నాడు. పరమార్థంలో జీపూ లేదు, కాలూ లేదు, బాధ పడినవాడూ లేడు అన్నాడు. అక్క ముఖం ఎర్రబడింది.

“గట్లనా? మొన్న పన్ను నొస్తాందని ఏడ్సుకుంట మా నాయిన రిక్షాలనే దవాఖానకు పోయినవు. ఆ దినం ఈ ముచ్చట నీకు యాదికి రాలేదా? నీ పన్నుకైతే నొప్పున్నది, మా నాయిన కాలుకు లేదా?”

నాకు నోటిదాకా మాట వచ్చింది. అప్పుడే తాతయ్య చెయ్యి నా భుజం మీద పడింది. నొక్కలేదు, ఊరికే అక్కడ పెట్టాడంతే. నేను మాట మింగేశాను. అక్క నన్ను కూడా ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తాతయ్యకు అన్నం సయించలేదు. పదకొండో రోజు నన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కు పోయాడు. నా కండ్లు తెరిచే ఉన్నయి, జరిగింది ఇదీ అని మొత్తం చెప్పాడు. జమేదారు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, కాయితం మాత్రం ముట్టుకోలేదు. “కేసు మూసేసినం పంతులుగారూ. ఇప్పుడు మీకెందుకు ఫికరు?” అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికి పోయాం. ఆమె మగ్గం ఆపలేదు. తాతయ్య చెప్పిందంతా విని, “పదకొండు దినాలు పట్టిందా తాతా?” అన్నది. ఆ తర్వాత ఎన్నడూ మా గడప తొక్కలేదు. నాకు జడలు వేయలేదు.

ఆ సాయంత్రం తాతయ్య మైకు తీసేయించి, అందరి ముందూ చెప్పాడు. “భయపడ్డది నా మనసు. ఆ భయాన్ని గూడ చూసేది సాక్షి. నేను భయానికే సాక్షి అని పేరు పెట్టుకున్న. సాక్షికి ఏదీ అంటదన్న మాట పట్టుకున్న, సాక్షికి ఏదీ దాగదన్న మాట ఇడిసిపెట్టిన. నలభై ఏండ్లు చదివి, నాకు అక్కరకొచ్చే సగమే నేర్చుకున్న.” వ్యాపారి లేచి వెళ్లిపోయాడు. వినడానికి వచ్చేవాళ్లు పదిమందికి తగ్గారు.

తప్పు ఒప్పుకున్న మహానుభావుడని వాడంతా మా తాతయ్యను మెచ్చుకుంది. ఆయనంటే నాకు ప్రాణం. అయినా ఆ మెప్పు విన్నప్పుడల్లా కడుపు రగిలిపోయేది. ఒప్పుకున్నాక ఆయన మనసు తేలికపడింది. అక్క నాయిన మాత్రం చచ్చేదాకా చంకల కింద కర్రలతోనే నడిచాడు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే యోగా క్లాసు జరుగుతుంది. ఏం జరిగినా సాక్షిగా చూస్తూ ఉండండి, కదిలిపోకండి అంటుంది టీచరమ్మ. మంచి మాటే. నా మోకాళ్ల నొప్పికి నేనూ దాన్నే వాడుకుంటాను. కానీ అది మన నొప్పికి చెప్పుకోవలసిన మాట. ఎదుటివాడి నొప్పి ముందు చేతులు కట్టుకుని నిలబడి అదే మాట అంటే, అది వేదాంతం కాదు, పిరికితనం.

మొన్న వానాకాలంలో మా వాచ్‌మన్ భార్యకు మేడ మీద తెగిన వైరు తగిలి చెయ్యి కాలిపోయింది. ఆమే చూసుకోకుండా పట్టుకుందని కమిటీవాళ్లు పోలీసులకు చెప్తున్నారు. ఆ వైరు తెగి ఉండటం చూసి, కమిటీకి నేనే అంతకుముందు మూడుసార్లు చెప్పాను. చెప్పులు వేసుకుని కిందికి దిగబోతుంటే మా కోడలు అడ్డం వచ్చింది. “మీకెందుకత్తమ్మా? మిమ్మల్ని ఎవరూ అడుగలేదు గదా.”

నిజమే, అడగలేదు. ఆనాడు జమేదారు కూడా తాతయ్యనే అడిగాడు, నన్ను అడగలేదు. అడగలేదు కదా అని ఎనిమిదేళ్ల పిల్ల నోరు మూసుకుంది. తాతయ్య మీద కోపం ఎప్పుడో చల్లారింది గానీ, ఆ పిల్ల మీద ఇంకా చల్లారలేదు. కోడల్ని పక్కకు జరిపి, మెట్లు దిగి, నా పేరూ ఫ్లాటు నంబరూ చెప్పి, చూసింది చూసినట్టు రాయించి వచ్చాను.