మూడు రోజుల్లో వేయాల్సిన సూది

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా సార్లు ఒకరికొకరు టీ తాగించుకున్నారట. అంత చదువుకున్న ధీరుణ్ని కాబట్టి, కామారెడ్డి రక్తదాన శిబిరంలో మంచం మీద పడుకొని, మోచేతికి చల్లటి స్పిరిట్ దూది తగలగానే కళ్లు గట్టిగా మూసుకుంటాను. ఆ వాసనకు ప్రతిసారీ సువార్తమ్మక్క వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో నర్సు ఆమె. పోయి రెండేళ్లయింది.

నా భార్య రాధకు మా పెద్దోడు పుట్టినప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, రాధది నెగిటివ్ రక్తం, పిల్లగానిది పాజిటివ్. మూడు రోజులల్ల ఒక సూది ఏయాలె, లేకుంటే వచ్చే కాన్పుల బిడ్డకు ముప్పు. రేపు కామారెడ్డి నుంచి తెప్పిస్త, ఇంటికి తీస్కపోకు" అంది. మర్నాడు అమావాస్య, బాలింతను కదపొద్దని మా అవ్వ పట్టు. అందుకే ఆ సాయంత్రమే నా ఆటోలో రాధను ఇంటికి తీసుకుపోయాను. ఇల్లు చేరాక, పదకొండో రోజు పురుడు స్నానం అయ్యేదాకా బాలింత గడప దాటకూడదంది అవ్వ. అక్క ఫోన్ చేస్తే, "సూదికి కాళ్లున్నయా అక్కా, ఏడికి పోతది?" అని నవ్వాను.

"సూది పోదు తమ్మీ, రోజులు పోతయి" అంది.

రెండో కాన్పు ఏడో నెలలో నా నవ్వు నాకే తగిలింది. రాధ రక్తం కడుపులోని బిడ్డ రక్తాన్ని పరాయిదనుకొని నాశనం చేస్తోందని, బిడ్డ పొట్టలో నీరు చేరిందని కామారెడ్డి స్కానింగులో చెప్పారు. బతకాలంటే హైదరాబాదులో, కడుపులో ఉండగానే రక్తం ఎక్కించాలట. అక్క సెలవు పెట్టి మాతో బస్సెక్కింది. ఆమెది ఎవరికైనా పడే ఓ నెగిటివ్ రక్తం. ముందు తానే చెయ్యి చాచింది.

లోపలికి తీసుకుపోయే ముందు రాధ నా ముఖమే చూస్తోంది. "ఏదన్న ఒక మాట అను తమ్మీ, నువ్వు ఊకుంటే ఆమె ఇంకింత భయపడుతది" అంది అక్క చెవిలో. నాకు ఒక్క జోకూ తట్టలేదు.

"ఆనాడు సూది ఏపియ్యంది నేనే రాధా" అన్నాను.

"ఎరికే" అంది రాధ.

డాక్టరమ్మ స్కానింగులో చూసుకుంటూ, పొట్ట మీది నుంచి సన్నని సూదిని బొడ్డుతాడు నరంలోకి దించి అక్క రక్తం ఎక్కించింది. తర్వాత మరో రెండుసార్లు ఎక్కించారు. ఆ రక్తం ఇచ్చినవాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. అందుకే ఈ మంచం ఎక్కుతుంటాను. పాప ఇప్పుడు నాలుగో తరగతి. ఎల్లారెడ్డి ఆసుపత్రి గేటు ముందు ఈనాటికీ ఆటో నెమ్మది చేస్తాను, "తమ్మీ" అని ఎవరైనా పిలుస్తారేమోనని.

పాప మొదటి పుట్టినరోజున అక్కతో అన్నాను, "నా బిడ్డ ఒంట్ల తిరిగేది నీ రక్తమే అక్కా. రేపు నీ లెక్కనే నర్సయితది."

అక్క పాప మూతికంటిన కేకు తుడుస్తూ అంది, "ఎక్కిచ్చిన రక్తం నాలుగు నెలలే బతుకుతది, నాది ఎప్పుడో అయిపాయె. ఇగ మిగిలింది నీ పోలికే. గందుకే బడి మాన్పియ్యకు."