ఓడ ఆలస్యమైన రోజు

మా అక్క పంతొమ్మిదేళ్లు ఓడల దుప్పట్లు ఉతికింది. రేవు పక్క లాండ్రీలో, ఆవిరి గదిలో. విహార ఓడ పొద్దున్నే వస్తుంది. రెండువేల మంది దిగుతారు, సాయంత్రానికి మరో రెండువేల మంది ఎక్కుతారు. ఆలోగా ప్రతి మంచానికీ దుప్పటి మారాలి. ఆ వేడికి అక్క చేతులు పగిలి నెత్తురోడేవి.

"ఆ గదిలోనే ఉంటే చేతులు మిగలవమ్మా" అన్నాడు డాక్టరు.

బయటపడాలంటే రేవులో సూపర్‌వైజరు ఉద్యోగం ఒక్కటే దారి. దానికి ఓడల నిర్వహణ కోర్సు పాసవ్వాలి. నలభై ఆరేళ్ల వయసులో చేరింది. ఆదివారాలు నేను పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగేవాణ్ణి. చేతులకు మందు రాసుకుంటూ గడగడా చెప్పేసేది.

"ఓడ ఎక్కకుండానే ఓడంతా అప్పజెప్తున్నావే అక్కా!"

"ఎక్కడమెందుకురా? ఏ గదిలో కాఫీ ఒలికిందో, ఏ గదిలో మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారో దుప్పటే చెప్తుంది."

పరీక్షలో చివరి ప్రశ్న: ఓడ మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది, మొదట ఏం చేస్తారు? గదులు సర్దేవాళ్లకు అన్నం పెడతానని రాసింది అక్క. సున్నా వచ్చింది. రెండు మార్కుల తేడాతో పరీక్ష తప్పింది.

ఇద్దరం కోర్సు చెప్పే మాస్టారి దగ్గరకు వెళ్లాం.

"ఎక్కేవాళ్లకు కబురు పంపాలి, గదులకు మనుషుల్ని పెంచాలి. మీరేమో వడ్డన మొదలుపెట్టారు!" అన్నాడాయన.

"ఆలస్యమైన రోజు మాసిన దుప్పట్ల సంచుల్లో ఉతికినవీ వస్తాయి సార్. ఆకలి మీదున్నవాళ్లకు ఏది మాసిందో కనపడదు. ఇరవై నిమిషాలు మిగుల్చుకోబోయి గంట పోగొట్టుకుంటారు."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నిజమే కావచ్చమ్మా. మార్కులు మాత్రం పుస్తకానివే."

రెండోసారి పుస్తకంలో ఉన్నట్టే రాసి పాసైంది.

ఉద్యోగంలో చేరిన రెండో నెల, ఓడ నిజంగానే మూడు గంటలు ఆలస్యమైంది. ఇంకా ఖాయం కాని ఉద్యోగం. పోతే మళ్లీ ఆవిరి గదే. అప్పుడప్పుడే చేతులు మానుతున్నాయి. అయినా గదులు సర్దేవాళ్లందర్నీ ఓడ మెట్ల దగ్గర ఆపి భోజనం పొట్లాలు పంచింది.

మేనేజరు ఫోనులో అరిచాడట. "ఏం చేస్తున్నారక్కడ?"

"తింటున్నారు సార్. ఇంకో పన్నెండు నిమిషాలు."

ఓడ సమయానికే కదిలిందని రాయాలని నాకూ ఉంది. పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఉద్యోగం నిలిచింది కానీ మందలింపు కాగితం చేతికిచ్చారు. మర్నాడు ఆవిరి గది నుంచి పాత స్నేహితురాలు పనిగట్టుకుని ఇంటికొచ్చింది. "నిన్నటి సంచుల్లో ఉతికిన దుప్పటి ఒక్కటుంటే ఒట్టే!" అంది.

అక్క పోయి ఏడు నెలలైంది. తన పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ ప్రశ్న ఉన్న పేజీలో మందలింపు కాగితం మడిచి పెట్టుకుంది. మొన్న తిప్పి చూశాను. వెనకవైపు తన రాత: "పొట్లాలు నలభై సరిపోయాయి. మంచినీళ్లు మర్చిపోయాను. ఈసారి ముందే పెట్టించాలి."