కుర్చీలోంచి లేవనివ్వని ఊరు

మరామురేష్ కొండల జనానికి అతిథిని చూస్తే పూనకం వస్తుంది. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. దారిన పోయేవాణ్ణి దారిన పోనివ్వరు. గేటు ముందు బల్ల మీద కూర్చున్న ముసలమ్మ "ఎవరి బిడ్డవయ్యా?" అని అడుగుతుంది. ఎవరి బిడ్డయినా సరే, రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. హొరింకా గ్లాసు చేతిలో పెడతారు. ఆ ప్లం పళ్ల సారా గొంతులో దిగుతుంటే నిప్పులు మింగినట్టుంటుంది. వద్దంటే అలుగుతారు, బాగుందంటే ఇంకో గ్లాసు పోస్తారు. దేశాలు పట్టుకు తిరిగేవాళ్లు ఈ మర్యాదకి పడిపోయి, ఇలాంటి మనుషులు ఎక్కడా లేరని చెప్పుకుంటారు. వాళ్లకేం, రెండు రోజులుండి పోతారు. స్మరాండా పోలేదు. ఆమె బాధంతా అక్కడే ఉంది.

ఆమెది ఈ కొండల ఊరు కాదు. దక్షిణాన, డాన్యూబ్ నది ఒడ్డు మైదానం. పెళ్లికి ముందు బట్టల మిల్లులో పని చేసేది. సెలవు దొరికితే చాలు, భుజాన సంచి వేసుకుని కొండలెక్కేది. చేతిలో బస్సు ఖర్చులుంటే చాలు, తిండికీ పడకకీ ఎవరో ఒకరు తలుపు తీసేవారు. ఒక పెరట్లో కోసిన గడ్డి ఆరబెట్టి, ఇంకో పెరట్లో గొర్రె జున్ను తిని, పేరు కూడా సరిగ్గా తెలియని వాళ్ల దగ్గర ఏడ్చి సెలవు తీసుకునేది. ఆ తిరుగుడంటే ఆమెకు ప్రాణం.

ఇజా లోయలో ఒక సాయంత్రం బస్సు తప్పిపోయింది, వాన పట్టుకుంది. తొదోసియా అనే పెద్దావిడ ఆమెను ఇంట్లోకి లాగి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పొడి మేజోళ్లు తొడిగి, మొక్కజొన్న సంకటిలో మీగడ వేసి పెట్టింది. ఆవిడ కొడుకు గవ్రీల్ తలుపు దగ్గర నిలబడి నోరు తెరుచుకు చూశాడు. తెల్లారాక స్మరాండా గిన్నెలు కడగబోతే ఆ ఇంటి ఆడపడుచు నస్తాకా చేతిలోంచి లాగేసుకుంది. "అయ్యో, మీరెందుకండీ! కూర్చోండి!" అంది. ఎంత మంచి మనుషులో అనుకుని స్మరాండా కరిగిపోయింది. మరుసటి వేసవిలో గవ్రీల్‌ని పెళ్లి చేసుకుంది.

'కూర్చోండి' అన్న ఆ మాట అప్పటి నుంచి ఇప్పటి దాకా మారలేదు. ముప్పై ఏళ్లు! ఊళ్లో పెళ్లయితే ఆడవాళ్లందరూ ముందురోజు వంటింట్లో చేరతారు. ఉల్లిపాయలు తరుగుతారు, మాంసం కొడతారు, పులిసిన కాబేజీ ఆకుల్లో మాంసమూ మొక్కజొన్న రవ్వా పెట్టి సర్మాలె చుడతారు, ఒకరి బండారం ఒకరు బయటపెట్టుకుని పడీపడీ నవ్వుతారు. స్మరాండా మాత్రం ముందు గదిలో, ఎంబ్రాయిడరీ దిండ్ల మధ్య, వాల్‌నట్ కేకు పళ్లెం పట్టుకుని బొమ్మలా కూర్చోవాలి. లేవబోతే చాలు, లోపలి నుంచి ఎవరో ఒకరు పరుగున వస్తారు. "ఏం కావాలండీ? మేం తెస్తాం కదా!" నవ్వులు గోడ అవతల నుంచి వినిపిస్తుంటాయి. ఆమె కడుపున పుట్టిన ఆంకాని పదేళ్లకే ఆ వంటింట్లోకి పిలిచి, ఉల్లిపాయలు మందంగా తరిగిందని మొట్టికాయలు కూడా వేశారు. ఇంటికొచ్చి పిల్ల ఏడిస్తే తల్లి ఓదార్చలేదు. అసూయతో గింజుకుంది.

ఊరి దుకాణం ఆమే నడుపుతుంది. మేకుల దగ్గర్నుంచి మైదా దాకా ఊరంతా ఆమె చేతి మీదుగానే కొంటారు. అయినా సరే. తొదోసియా మంచాన పడితే చివరిదాకా ఎత్తి కూర్చోబెట్టిందీ, జుట్టు దువ్వి జడ వేసిందీ స్మరాండానే. ఆవిడ పోయిన రోజున మాత్రం ఊరి ఆడవాళ్లు వంటిల్లు ఆక్రమించేసి, కోడల్ని తీసుకెళ్లి దూరపు చుట్టాల వరసలో కూర్చోబెట్టి పులుసు వడ్డించారు. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపులో సగం అత్తగారి కోసం, సగం ఒళ్లుమంటతో.

"నీకు కూర్చుని తినడం కూడా కష్టమేనా?" అనేవాడు గవ్రీల్. "మా అక్కని చూడు, నడుం విరిగేలా చాకిరీ చేస్తుంది. నిన్నేమో మహారాణిలా చూస్తున్నారు."

"మహారాణికి సొంత ఊరు ఉంటుందయ్యా. నాకేముంది, కుర్చీ తప్ప?"

అతనికి అర్థమైతే ఒట్టు.

ఈ శరదృతువులో నస్తాకా చిన్నకొడుకు పెళ్లి కుదిరింది. మేనల్లుడి పెళ్లి! ఈసారి తాడోపేడో తేల్చుకుంటానని స్మరాండా పెళ్లి ముందురోజు పొద్దున్నే బయల్దేరింది. ఇంట్లోంచి సొంత చాకు, సొంత ఏప్రన్ తెచ్చుకుంది. గేటులో అడుగు పెట్టగానే నస్తాకా ఎదురొచ్చింది. చాకు తీసుకుంది, ఏప్రన్ మడత పెట్టింది, వాటిని ఏదో కానుక అనుకున్నట్టు అల్మారాలో భద్రంగా పెట్టింది. స్మరాండా మళ్లీ దిండ్ల మధ్యకే చేరింది.

ఈసారి పక్కన తోడు కూడా ఉంది. పేరు ఫెమ్కా, హాలెండ్ పిల్ల. నెలల తరబడి ఈ దేశంలో తిరుగుతూ మాటలు కూడా కొంచెం పట్టేసింది. ముందురోజు రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే పెళ్లికొడుకు బండి ఆపి పెళ్లికి పిలిచేశాడు. కేకు నములుతూ, కళ్లు మెరిపిస్తూ ఆ పిల్ల అంది, "ఇంత మంచి మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు! మీరు కూడా తిరగడానికే వచ్చారా?"

స్మరాండా నోరు తెరిచేలోగా, గ్లాసులు తెచ్చిన నస్తాకా జవాబు చెప్పేసింది. "అవునమ్మా, ఆవిడా నీలాగే అతిథి. డాన్యూబ్ వైపు నుంచి వచ్చారు."

"ఎప్పుడు వచ్చారు?"

"మొన్ననే," అంది స్మరాండా పళ్లు బిగించి. "నా కూతురికి ఇరవై ఎనిమిదేళ్లు."

పళ్లెం కిటికీలో పెట్టి లేచింది. సరాసరి వంటింట్లోకి నడిచి, బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లను జరిపి మధ్యలో కూర్చుని, కాబేజీ ఆకు ఒకటి తీసుకుంది. నవ్వులు ఆగిపోయాయి. వెనకే వచ్చిన నస్తాకా మొహం ఎర్రబడింది.

"లేవండి, మీకు పుణ్యముంటుంది. ఆడపెళ్లివారు చూస్తే ఏమనుకుంటారు? అతిథి చేత పని చేయించుకున్నామని లోయంతా చెప్పుకోరూ?"

"అతిథి ఎవరు వదినా? మీ అమ్మ మంచం దగ్గర కూర్చున్నది అతిథా? మీ తమ్ముడికి పాతికేళ్లకు పైగా బట్టలుతికేది అతిథా? రేపు నేను చస్తే శ్మశానంలో కూడా నాకు ముందు వరసలో కుర్చీ వేస్తారా?"

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. నస్తాకాకు నిజంగానే కష్టం వేసింది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నెత్తిన పెట్టుకోవడం తప్పయిందా? మీరు వచ్చిన రోజున అమ్మ ఏమంది? 'ఈ పిల్ల నా అతిథి, దీని చేత ఎవరూ పుల్ల కూడా ఎత్తించకండి' అని ఇరుగుపొరుగు అందరి ముందూ చెప్పింది. అమ్మ మాట ఇప్పటిదాకా ఈ ఊళ్లో ఒక్కళ్లు దాటలేదు!"

స్మరాండా ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"ఆ మాట ఆ రాత్రికి వదినా! నేను వానలో తడిసొచ్చానని!"

"ఎప్పటిదాకానో అమ్మ చెప్పలేదు కదా," అంది నస్తాకా.

ఈ జనాన్ని ఏం చెయ్యాలి? నెత్తిన పెట్టుకుంటామని మాటిచ్చారు, దింపమని చెప్పేవాళ్లు లేక మెడలు పడిపోతున్నా మోస్తూనే ఉన్నారు. తొదోసియా అయినా తన మాట ఇంత దూరం వస్తుందని కలలోనైనా అనుకుని ఉండదు. లేదంటే ఆవిడే మర్చిపోయి ఉంటుంది.

స్మరాండా కోపంగా ఒక సర్మా చుట్టి గిన్నెలో పెట్టింది. ఇంకొకటి చుట్టింది. నస్తాకా పక్కనే నిలబడి చూసింది, పెదవి కొరుక్కుంది, మొహం అటు తిప్పుకుంది, మళ్లీ చూసింది. ఇక ఆవిడ వల్ల కాలేదు.

"అదేం చుట్టడమే! అంచులు లోపలికి నొక్కాలని నీకు ఎవరూ చెప్పలేదా? పొయ్యి మీద పెడితే విచ్చుకుని గంజి అవుతుంది. విప్పు! అన్నీ విప్పు!"

పొయ్యి దగ్గరున్న ఆవిడ సర్దిచెప్పబోయింది, "పోనిద్దూ నస్తాకా, కొత్త కదా."

"ఎక్కడి కొత్త! ముప్పై ఏళ్లయింది వచ్చి!"

అంతే, గట్టు తెగింది. అతిథిని తప్పుపట్టకూడదని ఇన్నేళ్లూ నోళ్లు కుట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా మీద పడ్డారు. పని చెయ్యకూడని ఆదివారం పూట బట్టలుతికి ఆరేస్తుందని ఒకరు, ఆమె పెట్టిన పచ్చడి నోట పెట్టలేమని ఇంకొకరు, పిల్లకి ముద్దెక్కువ చేసి పాడు చేసిందని మరొకరు. మొదట స్మరాండా తెల్లబోయింది. తర్వాత చేతికందిన చాకు తీసి బల్ల మీద కొట్టింది.

"నా పచ్చడి సంగతి సరే. ఇంటి కోడి పులుసని చెప్పి, నా దుకాణంలో కొన్న పులుసు పొడి కలిపి పెట్టేది ఎవరో చెప్పమంటారా?"

ముగ్గురు ఒకేసారి "నేను కాదు!" అన్నారు. ఆ తర్వాతి నవ్వులకి హాలెండ్ పిల్ల పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏం జరిగిందో ఎవరూ ఆమెకి చెప్పలేకపోయారు.

మర్నాడు పెళ్లికి ఊరంతా వచ్చింది. స్మరాండా గిన్నెలు మోసింది, రొట్టెలు కోసింది, ఎంగిలి పళ్లాలు కడిగింది, చెయ్యి కాల్చుకుంది. పందిట్లోంచి గవ్రీల్ విసుక్కుంటూ వచ్చాడు.

"నీ కుర్చీ ఖాళీగా ఉంది. స్మరాండా ఏదని అందరూ అడుగుతున్నారు. పరువు పోతోంది."

"ఫెమ్కాని కూర్చోబెట్టు," అంది ఆమె, తల తిప్పకుండానే.

విందు ముగిసేసరికి కాళ్లు లాగేస్తున్నాయి, కడుపు మాడిపోతోంది. ముప్పై ఏళ్ల అలవాటు కదా, ఎవరో ఒకరు పళ్లెం పట్టుకుని వస్తారని ఒక్క క్షణం చూసింది. ఎవరూ రాలేదు. ఎవరి హడావుడిలో వాళ్లున్నారు. గిన్నె అడుగున మిగిలింది గరిటెతో గీకి, నిలబడే నోట్లో పెట్టుకుంది.

"తింటూ నిలబడితే గ్లాసులు ఎవరు కడుగుతారే?" పెరట్లోంచి నస్తాకా కేకేసింది.

"వస్తున్నా వదినా! నాకున్నవి రెండు చేతులే!"

ఈ ఊరు వచ్చాక ఆమెను తిన్నావా అని ఎవరూ అడగని రోజు అదే మొదటిది. స్మరాండా గరిటె కడిగి, తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుని, గ్లాసుల దగ్గరికి వెళ్లింది.