రోనాల్డ్ గారి సీసపు సైన్యం

హుకుంపేట దగ్గర మా మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసిన రోనాల్డ్ గారి మీద ఒక మాట ఉండేది. ఆయన సీసం కరిగించి వేలెడేసి దెయ్యాలను పోస్తాడనీ, ఆ దెయ్యానికి ఎవరి ముఖం దించితే వాళ్ళ రక్తం నీరైపోతుందనీ. సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటూ చెప్పుకునేవారు. జీపు వెనక వేలాడుతూ పాడేరు పోయేవాళ్ళు కూడా చెప్పుకునేవారు. చెప్పిన ప్రతి మనిషీ తన వంతుగా ఒక దెయ్యాన్ని కలిపేవాడు. చివరికి ఆయన మంచం కింద ఉన్న సైన్యం మా మండలం జనాభాను దాటిపోయింది.

చిల్లంగి అన్న మాట మాత్రం చాలాకాలం ఎవరూ పైకి అనలేదు. మా కొండల్లో అది మనుషుల్ని చంపే విద్యకు పేరు. ఆ మాట ఒక ఇంటి మీద పడితే ఆ ఇంటివాళ్ళు ఊరు విడిచి పోవలసిందే. అదీ కాళ్ళూ చేతులూ సరిగా ఉండగా పోనిస్తే.

బొమ్మలు ఉన్న మాట మాత్రం నిజమే.

తొంభైల మొదట్లో ఆసుపత్రికి కొత్త వార్డు కట్టించడానికి రాబిన్ అనే ఇంగ్లీషు కుర్ర ఇంజనీరు వచ్చాడు. వాన పట్టి సిమెంటు పని ఆగిపోతే, తోచక తన పెట్టె విప్పాడు. నిండా సీసపు బొమ్మలు. ఓర్క్‌లనే కోరల రాక్షసులు, గోబ్లిన్‌లనే పొట్టి దెయ్యాలు, గొడ్డళ్ళు పట్టిన గడ్డాల మరుగుజ్జులు, ఎముకల గుర్రాలెక్కిన ఎముకల రౌతులు, రెక్క విరిగిన డ్రాగన్ ఒకటి. బల్ల మీద రెండు సైన్యాలు నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపి, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేల్చే ఆట అది. తోడు లేక రోనాల్డ్ గారికి నేర్పాడు. వార్డు పూర్తయి వెళ్ళిపోయేటప్పుడు పెట్టె ఆయనకే వదిలేశాడు. ఆ తరువాత కూడా క్రిస్మస్‌కు రంగు వెయ్యని బొమ్మలు పార్సిల్ చేస్తుండేవాడు.

మొదటి పార్సిల్‌తో రోనాల్డ్ గారు మారిపోయారు. అంతకుముందు ఆయన మాత్రలు పొట్లం కట్టే మనిషి. ఆ రోజు నుంచి ఓల్డ్ స్టైల్‌ను కాపాడే మనిషి. ఈ మధ్య కంపెనీలు ప్లాస్టిక్ బొమ్మలు పోసి మసి రంగులు పులుముతున్నాయనీ, తన చిన్నప్పటి బొమ్మల్లో ఎరుపంటే ఎరుపు, పసుపంటే పసుపు ఉండేదనీ రాబిన్ ఏదో మాటల్లో అన్నాడట. ఈయన దాన్ని పట్టుకున్నారు. కొత్త బొమ్మను ఒక్కదాన్ని కూడా కళ్ళతో చూడకుండానే పదేళ్ళు కొత్త బొమ్మలను తిట్టారు. సూది మందుకు వచ్చినవాళ్ళను కూడా వదల్లేదు.

"ఓర్క్ అంటే చిలకపచ్చగా ఉండాలి. బూడిద రంగేస్తే అది ఓర్క్ అవుతుందా? నువ్వే చెప్పు గాసీ."

గాసి అల్లం చేను వదిలి ఒళ్ళు కాలిపోతూ వచ్చిన రైతు. బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. "అవదు బాబూ, ఎలగవుద్ది? నువ్వు బేగి సూది పొడిసెయ్యి, ఎల్లిపోతాను."

అలా మా ఏజెన్సీ మొత్తం ఓల్డ్ స్టైల్ పక్షాన ఉందని ఆయన తేల్చుకున్నారు.

ఆడడానికి మాత్రం ఎవరూ దొరకలేదు. కాబట్టి రెండు వైపులా ఆయనే ఆడేవారు. ఇటు నిలబడి దాడి చేసేవారు, బల్ల చుట్టూ తిరిగి అటు వెళ్ళి అడ్డుకునేవారు. ఓడిన రోజు ముఖం మాడ్చుకుని అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. గెలిచింది కూడా ఆయనే కదా, ఆ సంతోషం ఎటు పోయేదో నాకు ఎన్నడూ తెలియలేదు.

ఇవన్నీ నేను చూసినవే. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయాక వాళ్ళింటికి కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. ఆయన భార్య సిల్వియమ్మ గారు జాకెట్లు, ఆసుపత్రి దుప్పట్లు, చర్చి తెరలు కుట్టేవారు. నోరు విప్పితే కొలతలు చెప్పడానికే. కుట్టుమిషను పక్క కిటికీలో ఖాళీ దారపు రీళ్ళ మీద మైనంతో నిలబెట్టిన బొమ్మలు వరసగా ఆరుతుండేవి. చీపురుపుల్లకు ఉడత తోక వెంట్రుకలు కట్టిన కుంచె. ఎరుపు గోళ్ళ రంగు సీసాలోది, నీలం చర్చి కిటికీలకు వెయ్యగా మిగిలింది. అంతా ఆరాక పైన పలచగా కాఫీ డికాక్షన్ పూస్తే అది బట్టల ముడతల్లోకీ గడ్డాల పాయల్లోకీ దిగి నీడలా నిలిచేది. కాళ్ళ కింద గడ్డికి పచ్చరంగు పట్టించిన సామ ఊక. ఎంత బాగుండేవంటే, రాబిన్ వాళ్ళ క్లబ్బువాళ్ళు ఫోటోలు చూసి ఒక కప్పు పంపించారు. రోనాల్డ్ గారు దాన్ని మందుల బీరువా మీద, ఏసు ప్రభువు పటానికి కాస్త ముందుగా పెట్టారు. ఎవరైనా మెచ్చుకుంటే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "ఓపిక ఉండాలండి, ఓపిక" అనేవారు.

చిక్కు ముఖాల దగ్గర వచ్చింది. పార్సిళ్ళు వచ్చినకొద్దీ బొమ్మలకు మా ఊరి ముఖాలు రావడం మొదలైంది. డోలు కొట్టే గోబ్లిన్‌కు చర్చిలో పాటలెత్తే లూర్దమ్మ గారి ముక్కుపుడక, ఆమె నోరు తెరిచినంత నోరూ వచ్చాయి. ఓర్క్‌ల నాయకుడికి చర్చి సెక్రటరీ ఫిలిప్పు గారి మీసం వచ్చింది. కుడివైపంతా నలుపు, ఎడమ కొస మాత్రం తెలుపు. అది ఆయనకు పుట్టుమచ్చతో వచ్చిన తెలుపు, ఈ భూమ్మీద ఇంకెవరికీ లేదు. కవచం మీద, జేబు ఉండవలసిన చోట ఎర్ర పెన్ను కూడా ఉంది. ఆసుపత్రిని కూడా నడిపే చర్చి కమిటీలో ఎవరు ఏమన్నా ఫిలిప్పు గారు ఆ ఎర్ర పెన్నుతోనే కొట్టేసేవారు.

రెండువేల రెండులో, వానలకు ముందు, క్వార్టర్లకు సున్నం వేయించడానికి ఫిలిప్పు గారు ఆ ఇంటికి వచ్చారు. బల్ల మీదికి వంగారు. ఆయన మీసం ఆయన్నే చూస్తోంది. సున్నం సంగతి వదిలేసి వెళ్ళిపోయి, వానలు పడగానే చలిజ్వరంతో మంచమెక్కారు. వానాకాలంలో మా మండలంలో చలిజ్వరం రానివాళ్ళను వెతకడం కష్టం. అయితే అందరికీ వచ్చే జ్వరమే సెక్రటరీకి కూడా ఎలా వస్తుంది? ఇది వేరే జ్వరమని ఆయనే చెప్పారు. చిల్లంగి అన్న మాట మొదట పైకి అన్నది కూడా ఆయనే.

ఆ తరువాత గాసి సైతం సూదికి రావడం మానేశాడు. రోనాల్డ్ గారి ఇంటి పెంకుల మీద రాళ్ళు పడసాగాయి. జ్వరం తగ్గగానే ఫిలిప్పు గారు కమిటీ పిలిచారు. చిల్లంగి అని తేలితే ఉద్యోగమూ క్వార్టరూ పోతాయి. గేటు దాటాక ఏం జరిగేదీ కమిటీ చేతుల్లో ఉండదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చున్నారు. దిసారుల దగ్గరికి పోయేవాళ్ళకు నరకం తప్పదని ఆ పూటే ప్రసంగం జరిగింది. ఇంకా చాపలైనా చుట్టకముందే దిసారి మంగ్లు వచ్చి పెద్దల మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కొండ ఊళ్ళలో మంచిచెడ్డలు చూసేదీ, గాలీ ధూళీ తేల్చేదీ దిసారి. కమిటీవాళ్ళే జీపు పంపి పిలిపించారు. చిల్లంగి అనేది లేదని నమ్మే కమిటీకి, ఇది చిల్లంగో కాదో చెప్పడానికి ఆయన కావలసి వచ్చాడు.

ఫిలిప్పు గారు ఓర్క్‌ను చేతిరుమాలులో పట్టుకుని ముందు పెట్టారు. "సూడు దిసారీ. ఇది నేను కాదా?"

మంగ్లు బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "నువ్వే బాబూ. కాపోతే ఈడు నీకన్నా కండగున్నాడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎకసెక్కాలకి పిలవలేదు నిన్ను. ఇది సిల్లంగా, కాదా?"

"అలగని బొమ్మని సూసి సెప్పీడానికి అవదు బాబూ. సేసిన సెయ్యిని సూడాల." మంగ్లు రోనాల్డ్ గారి వైపు తిరిగాడు. "కాంపౌండరు బాబూ, కొత్త బొమ్మొకటి తెచ్చి మా ఎదరే రంగెయ్యి. ఈ సెక్రట్రీ బాబు మొకమే దించు."

రోనాల్డ్ గారి ముఖంలో రంగు పోయింది. "ఇక్కడ వెలుతురు చాలదండి. ఇంట్లో అయితే..."

"ఎండలో కూకోని ఎలుతురు లేదంతాడేటి?" అన్నారు లూర్దమ్మ గారు.

గాసి పరుగున పోయి రంగులూ కుంచే రంగు వెయ్యని బొమ్మా పట్టుకొచ్చాడు. రోనాల్డ్ గారు ఒకసారి ఆడవాళ్ళ వరస వైపు చూశారు. సిల్వియమ్మ గారు చేతులు కొంగులో దాచుకుని నేల చూస్తున్నారు. ఆయన కళ్ళద్దాలు దించి, బొమ్మను దగ్గరగా పెట్టి చూశారు, దూరంగా పెట్టి చూశారు. కుంచె ముంచగానే చిలకపచ్చ చుక్క ప్యాంటు మీద పడింది. తరువాత ఒక కన్ను పెట్టారు, అది బుగ్గ మీదికి జారింది. రెండో కన్నుకు చోటు దొరకలేదు. మీసం ముక్కు కింద బయలుదేరి చెవి వెనక్కి పోయింది. తెల్లకొస కోసం తెలుపు ముంచారు, అది నోట్లోంచి నురగ కారినట్టు వచ్చింది. కావాలని చేశారనుకోవడానికి వీల్లేదు. నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ చేశారు.

బొమ్మ చేతులు మారింది.

"ఓలమ్మ, ఇది సెక్రట్రీ గోరా? పగిలిపోయిన పనసపండునాగుంది" అన్నాడు గాసి.

"మూతేదిరా నాయనా?" అని లూర్దమ్మ గారు బొమ్మను తిరగేసి చూశారు.

ముందు పిల్లలు నవ్వారు, తరువాత కమిటీ నవ్వింది. దిసారి ఒక్కడే నవ్వలేదు. పూజల్లో పిండితోనూ బొగ్గుతోనూ నేల మీద బొమ్మలు గీసే మనిషి కనక, ఆయన దాన్ని పనివాడిలా చూశాడు.

"సిల్లంగిలో ఒక్క గీత తప్పితే సాలు, అది సేసినోడికే తిరిగొత్తాది. ఈ సెయ్యితోటి ఈ బాబు సిల్లంగి సేసుంటే ఎప్పుడో సచ్చిపోయుండేవోడు. సిల్లంగి సెయ్యి గీత తప్పదు. ఇది సిల్లంగి సెయ్యి కాదు. కోడిపెట్ట కాలు."

"మరి ఆ పాతవి అంత బాగా ఎలగొచ్చాయి?" ఫిలిప్పు గారు వదల్లేదు.

రోనాల్డ్ గారు కుంచె కింద పెట్టారు. మళ్ళీ ఆడవాళ్ళ వరస వైపు కళ్ళు పోబోయి ఆగాయి. "మీ ఎదుట చెయ్యి వణికిపోయిందండి."

ఈ జవాబు ఫిలిప్పు గారికి బాగా నచ్చింది. తన ముందు ఒక మనిషి చెయ్యి వణకడం ఆయనకు నమ్మలేని సంగతి కాదు. ఎర్ర పెన్ను తీసి ఆ సంగతి కొట్టేశారు. దిసారికి కాఫీ ఇచ్చి, ఎవరూ చూడకుండా వెనక గేటు నుంచి పంపించారు.

ఉద్యోగం నిలిచింది, క్వార్టరు నిలిచింది, రాళ్ళు ఆగాయి. గాసి మళ్ళీ సూదికి వచ్చాడు. ఊరి మాట మాత్రం చావలేదు. కాంపౌండరుకు ఒకప్పుడు విద్య ఉండేదనీ, దిసారి ఆ రోజు చర్చి వరండాలో దాన్ని కట్టేశాడనీ తిరగరాసుకున్నారు. భయం పోయాక రోనాల్డ్ గారు కూడా తన వంతు కలిపారు. "కావాలనే పాడు చేశానండి. బాగా వేస్తే బతకనిచ్చేవారా నన్ను?" అని మందుల బీరువాకు ఆనుకుని చెప్పేవారు. వినేవాళ్ళు ఆయన తెలివికి తలలూపేవారు. కప్పు ఆయన వెనకే మెరుస్తుండేది.

క్రిస్మస్‌కు మళ్ళీ పార్సిల్ వచ్చింది. జనవరిలో కిటికీలోని రీలు మీద కొత్త గోబ్లిన్ ఒకటి ఆరుతూ కనిపించింది. దాని మెడలో దిసారి మంగ్లు పూసల దండ ఉంది. ప్రతి పూసకూ వేరే రంగు, ఒక్క పూస కూడా పక్కదానితో కలవలేదు.

రోనాల్డ్ గారికి దగ్గరి చూపు ఎప్పుడూ సరిగా లేదు. ఆ వరండాలో పాడుచేసిన బొమ్మ ఒక్కటే ఆయన జన్మలో రంగు వేసిన బొమ్మ. మిగతావన్నీ సిల్వియమ్మ గారు వేసినవి.